మరమగ్గముల నడుమ ఒక గొంతు

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మన వేదికపై సాధారణముగ త్యాగరాజకృతులను గూర్చియో, ఎంకిపాటలను గూర్చియో ప్రసంగింతురు. నేను నేడు గ్రంజ్ అను అమెరికా సంగీతమును గూర్చి చెప్పబూనినాను. ఆ మాటకు మురికి, మడ్డి అని అర్థము. నా కథ మాత్రము అమెరికాలో గాక, సూరత్ నగరమున నవాగామ్‌లో ఆరంభమగుచున్నది.

తెలంగాణమునుండి బ్రతుకుదెరువుకై వెళ్లిన నేతవారు సూరత్‌లో వేలకొలదిగ కలరు. నవాగామ్, లింబాయత్ వీధులలో తెలుగు మాట నేటికిని వినబడును. మా బాపు అట్టివారిలో ఒకరు. స్వగ్రామమున చేమగ్గముపై నేసిన ఆయన అచ్చట మరమగ్గముల కూలియైనారు. పండ్రెండు గంటల షిఫ్టు. ఆ షెడ్డులో ప్రక్కవానితో మాటలాడవలెనన్న చెవిలో అరవవలసినదే.

1991లో స్టార్ ఉపగ్రహ ప్రసారములతో ఎం.టి.వి. మన దేశమునకు వచ్చినది. పదునైదేండ్ల ప్రాయమున పొరుగింటి కేబుల్ టీవీలో నేను నిర్వాణ బృందమును చూచితిని. గ్రంజ్‌కు పుట్టినిల్లు సియాటిల్ నగరము. పెర్ల్ జామ్, సౌండ్‌గార్డెన్ బృందములు అచ్చటివే. 1991 సెప్టెంబరు 24న వెలువడిన నిర్వాణవారి ‘నెవర్ మైండ్’, 1992 జనవరిలో మైకేల్ జాక్సన్ ‘డేంజరస్’ను వెనుకకు నెట్టి అమెరికా పట్టికలో ప్రథమస్థానము నందినది. గాయకుడు కర్ట్ కోబేన్ అబర్డీన్ అను కలప పనివారి ఊరిలో పుట్టినవాడు. ఆ పాటల పోకడ సులభము: చరణము గొణుగుడు, పల్లవి రాగానే బుద్ధిపూర్వకముగ బొంగురుపరచిన గిటారుల గర్జన. మగ్గముల మ్రోతలో పెరిగిన నాకు ఆ చప్పుడు క్రొత్త గాదు; చప్పుడును మించి ఒక మనిషి గొంతు వినబడుటయే క్రొత్త.

బాపునకు అది సహింపరానిదాయెను. “పన్నెండు గంటలు చప్పుడుల సచ్చి వస్తున్న. ఇంట్ల గూడ అదేనా?” అని ఒకనాడు క్యాసెట్టును వీధిలోనికి విసరివైచెను. ఆపై నెలల తరబడి మా యిద్దరికి మాటలు లేవు.

1994 ఏప్రిల్‌లో కోబేన్ తన యిరువదియేడవ యేట ఆత్మహత్య చేసికొనెను. సెప్టెంబరులో సూరత్‌కు ప్లేగు వచ్చెను. లక్షలమంది ఊరు విడిచిరి. మేమును క్రిక్కిరిసిన నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో ఓరుగల్లు చేరి, స్వగ్రామమునకు పోతిమి. అచ్చట తాతగారి మగ్గపుగుంటలో కూర్చుండి బాపు నాడె వేయుచు సన్నగ పాడదొడగెను. ఆయన పాడునని నాకు అంతవరకు తెలియదు. సూరత్‌లో ఏల పాడవని అడిగితిని.

“ఆడ పాడితే నాకే వినబడది బిడ్డా” అనెను.

ఆ రాత్రి, మిత్రుడిచ్చిన వాక్‌మన్ తీసి ఆయన చెవులకు తగిలించితిని. ఒక పాట పూర్తిగ వినెను. “వీడు పాడుతలేడు, ఏడుస్తుండు” అనెను. అతడిక లేడని చెప్పితిని. బాపు కొంతసేపు ఊరకుండెను.

“అంతమంది విన్నరంటివి. వాని ఏడుపు ఒక్కనికి సమజ్ గాలేదా?”

నా యొద్ద సమాధానము లేకపోయెను. కాని ఆనాటినుండి మా నడుమ మాటలు తెగలేదు.

సోదరులారా! మనము బదిలీలపై ఊరూర తిరుగువారము. ప్రతి బదిలీకి మన పిల్లలు స్నేహితులను విడిచి వచ్చుచున్నారు; ఆ దిగులును మనతో చెప్పరు. నా కుమార్తెకు నేడు పదునాలుగేండ్లు. ఆమె వినునది నాకు రుచింపదు. అయినను తలుపు తట్టి, “నాకును ఒకటి వినిపింపుము” అని అడుగుచున్నాను. మీ యిండ్లలోను అట్టి చప్పుడు వినవచ్చినపుడు, ఆపుమనుటకు ముందు ఒక్క పాట ఆసాంతము వినుడని నా విన్నపము.