అడవి మనిషిని చూసి వచ్చాను
(మన సంఘం వార్షికోత్సవ సభలో ఒక సభ్యుని ప్రసంగ పాఠం)



విదేశయాత్ర గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మేడలూ మిద్దెలూ మీరు టీవీలో చూసే ఉంటారు. నేను ఒక తల్లి గురించి చెబుతాను.

2023లో మా అమ్మాయి, అల్లుడు మమ్మల్ని కౌలాలంపూర్ రప్పించుకున్నారు. అక్కడి నుంచి విమానంలో బోర్నియో దీవికి, తర్వాత కారులో కినబతంగన్ నది ఒడ్డున ఉన్న సుకావు అనే పల్లెకు తీసుకువెళ్లారు. దారి పొడవునా ఏం చూశామనుకున్నారు? పామాయిల్ తోటలు! పశ్చిమ గోదావరిలో మన ఉద్యానశాఖ వాళ్లం ఊరూరా తిరిగి రైతులచేత నాటించిన మొక్కే. రిటైరయ్యాక నేనూ మూడెకరాల్లో వేసుకున్నాను. "మన ఊళ్లోనే ఉన్నట్టుందండీ" అంది మా ఆవిడ. నాకూ గర్వంగానే అనిపించింది.

సాయంత్రం పడవ ఎక్కాం. మోకాళ్ల నొప్పులవాళ్లకు ఇదే సుఖం, అడవిలో నడవక్కర్లేదు. చీకటి పడబోతుండగా పడవ నడిపే అతను ఇంజను ఆపి ఒక చెట్టు పైకి చూపించాడు. ఎర్రటి జుట్టుతో ఒరాంగుటాన్! పొట్టను కరుచుకుని పిల్ల. తల్లి కొమ్మలు వంచి, ఆకులు పరిచి, రాత్రికి గూడు అమర్చుకుంటోంది. "ఏమండీ, పిల్లకి పక్క వేస్తోందండీ" అని మా ఆవిడ గుసగుసలాడింది. చాలాసేపు మేమెవ్వరం మాట్లాడలేదు.

ఒరాంగుటాన్ అంటే మలయ్ భాషలో అడవి మనిషి. దానికి ఏడెనిమిదేళ్లకొక కాన్పు. ఏ పండు తినాలో, గూడు ఎలా కట్టాలో పిల్ల ఏళ్ల తరబడి తల్లి వెంట ఉండి నేర్చుకుంటుంది. అందుకే ఒక్క తల్లి పోయినా ఆ లోటు అంత త్వరగా తీరదు. వేట వల్ల, అడవుల నరికివేత వల్ల బోర్నియో ఒరాంగుటాన్‌ను 2016లో అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జంతువుల జాబితాలో చేర్చారు. ఆ నది వెంట అడవి ముక్కలు ముక్కలుగా మిగిలింది. ఒరాంగుటాన్‌కు ఈత రాదు. అది వాగులు దాటడానికి పాత ఫైరింజను గొట్టాలతో చెట్టుకూ చెట్టుకూ మధ్య వంతెనలు కట్టారు. అడవి పోయిన చోట చాలావరకు పెరుగుతున్నది, పొద్దున నేను చూసి మురిసిన మొక్కే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మిత్రులారా, తప్పు మొక్కది కాదు. ఎకరానికి ఇంత నూనె ఇచ్చే పంట మరొకటి లేదు. దీన్ని మానేస్తే వేరే నూనెగింజలకు ఇంకా ఎక్కువ భూమి కావాలి. ఎక్కడ నాటామన్నదే ముఖ్యం. నా తోట వేసింది పాత పొగాకు చేలో. కానీ మన దేశం మలేషియా, ఇండోనేషియాల నుంచి పామాయిల్ భారీగా కొంటోంది. మన మూకుడుకూ ఆ అడవికీ సంబంధం ఉంది.

మన మాట వినే రైతులు ఇంకా ఉన్నారు. తోట వేస్తామని వస్తే సాగుభూమిలోనే వేయమనండి, అడవి జోలికి పోవద్దనండి. ఇంట్లో నూనె కాస్త తగ్గించండి. డాక్టరు చెప్పేదీ అదేగా!