సైనికుడి వైకల్యం: రుజువు చేయవలసింది ఎవరు?



పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. తరతరాలుగా ఆ ఊరివాళ్ళు సైన్యంలో చేరుతున్నారు కాబట్టి దాన్ని మిలిటరీ మాధవరం అంటారు. అటువంటి ఊళ్ళలో పదిహేనేళ్ళు, ఇరవై ఏళ్ళు సర్వీసు చేసి పింఛనుతో తిరిగి వచ్చినవాళ్ళను మీరు చూసే ఉంటారు. ఈనాటి పాఠం వాళ్ళలో ఒక చిన్న వర్గాన్ని గురించి. వీళ్ళు దృఢంగా ఉన్నారని పరీక్షించి సైన్యం చేర్చుకున్నవాళ్ళే. కొన్నేళ్ళ తరువాత జబ్బుపడ్డారనో గాయపడ్డారనో సైన్యమే వీళ్ళను ఇంటికి పంపింది. వీళ్ళకు వైకల్య పింఛను ఎవరిస్తారు, ఇవ్వనంటే ఎవరిని అడగాలి?

ముందు నియమం తెలుసుకుందాం. వైకల్య పింఛనులో రెండు భాగాలుంటాయి. ఒకటి చేసిన సర్వీసుకు, రెండోది వైకల్యానికి. రెండో భాగం రావాలంటే వైకల్యం కనీసం 20 శాతం ఉండాలి. అది సైనిక సేవ వల్ల కలిగినదైనా, ఆ సేవ వల్ల ముదిరినదైనా అయి ఉండాలి. శాతాన్ని డాక్టర్లు లెక్కగడతారు, దాని మీద తగాదా తక్కువ. వచ్చిన చిక్కంతా 'సేవ వల్ల' అనే మాటతోనే. తుపాకి గుండు తగిలితే సందేహం లేదు. కాని మూర్ఛవ్యాధి, రక్తపోటు, మానసిక రుగ్మత వంటివి సేవ వల్ల వచ్చాయని ఎలా చెప్పగలం? రాలేదని మాత్రం ఎలా చెప్పగలం?

ఒక కేసు చూద్దాం. 1985 జూన్‌లో ఒక యువకుడు సిగ్నల్స్ దళంలో సిపాయిగా చేరాడు. చేరినప్పుడు జరిపిన వైద్యపరీక్షలో ఏ జబ్బూ నమోదు కాలేదు. సుమారు తొమ్మిదేళ్ళ తరువాత, 1994లో, మూర్ఛవ్యాధి వల్ల 20 శాతం శాశ్వత వైకల్యం ఉందని అతన్ని సర్వీసు నుంచి పంపించారు. మెడికల్ బోర్డు తన నివేదికలో ఈ జబ్బుకు సైనిక సేవతో సంబంధం లేదని రాసింది. ఎందుకు లేదో రాయలేదు. ఆ ఒక్క వాక్యం ఆధారంగా పింఛను నిరాకరించారు. హిమాచల్ ప్రదేశ్ హైకోర్టులో 2004లో ఒక న్యాయమూర్తి అతని పక్షాన తీర్పు ఇచ్చారు. 2009లో అదే హైకోర్టు డివిజన్ బెంచి దాన్ని కొట్టివేసింది. చివరికి 2013 జూలై 2న సుప్రీంకోర్టు మొదటి తీర్పునే నిలబెట్టి, మూడు నెలల్లో చెల్లించమని ఆదేశించింది. ఇంటికి వచ్చిన పందొమ్మిదేళ్ళకు!

ఈ తీర్పుకు ఆధారం 1982 నాటి అర్హతా నిబంధనలు. న్యాయశాస్త్రం చదవాలనుకునేవారు వీటిని శ్రద్ధగా గమనించాలి. మామూలు దావాలో అడిగేవాడే రుజువు చూపాలి. ఈ నిబంధనల్లో లెక్క తిరగబడింది. చేరినప్పుడు జబ్బు నమోదు కాకపోతే సైనికుడు ఆరోగ్యంగానే చేరాడని భావించాలి. తరువాత ఆరోగ్యం చెడి సర్వీసు నుంచి పంపితే ఆ చెడటం సేవ వల్లనే అని భావించాలి. రుజువు భారం సైనికుడి మీద పెట్టకూడదు, సహేతుకమైన సందేహం ఉంటే దాని ఫలితం అతనికే దక్కాలి. చేరేటప్పటి పరీక్షలో ఈ జబ్బు బయటపడే అవకాశమే లేదని బోర్డు అనవచ్చు. అలా అంటే కారణాలు రాయాలి. కోర్టు పట్టుకున్నది సరిగ్గా ఆ లోపాన్నే.

అలాగని సైనికుడికి ఏం జరిగినా పింఛను వస్తుందనుకోకండి. వార్షిక సెలవులో ఉండగా రోడ్డు ప్రమాదంలో గాయపడిన ఒకరి కేసును 2011లో సుప్రీంకోర్టు తిరస్కరించింది. సెలవు కూడా సర్వీసులో భాగమే కాని, ఆ ప్రమాదానికి సైనిక విధికి ముడి కనిపించలేదన్నది కోర్టు మాట. వినడానికి కఠినంగా ఉన్నా, నా ఉద్దేశంలో అది సబబైన గీతే. 1982 నిబంధనలే ఈనాటికీ అందరికీ వర్తిస్తాయని కూడా అనుకోవద్దు. 2008లోను, 2023లోను కొత్త నిబంధనలు వచ్చాయి. అందుకే వకీలు మొదట అడిగేది సర్వీసు నుంచి వచ్చిన తేదీ.

నిరాకరణ ఉత్తరం అందినవారు ముందు శాఖలోనే మొదటి అప్పీలు, రెండో అప్పీలు చేసుకోవాలి. ఆ తరువాతది సాయుధ దళాల ట్రిబ్యునల్. 2007 చట్టం ప్రకారం ఏర్పడి 2009 ఆగస్టులో ప్రారంభమైంది. ప్రధాన బెంచి ఢిల్లీలో ఉంది. మన తెలుగు రాష్ట్రాలు చెన్నై బెంచి పరిధిలోకి వస్తాయి. బెంచిలో ఒక న్యాయ సభ్యుడు, సైన్యంలో ఉన్నత హోదాలో పనిచేసిన ఒక సభ్యుడు కూర్చుంటారు. ట్రిబ్యునల్ తీర్పు మీద హైకోర్టుకు వెళ్ళవచ్చా అన్నది చాలాకాలం వివాదం. రిట్ అధికారం హైకోర్టులకు ఉందని 2023 మార్చిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. సామాన్య సిపాయికి ఇది పెద్ద ఊరట. ఢిల్లీ దూరం అతనికి తెలుసు.

కొంచెం లెక్క చేద్దాం. నూరు శాతం వైకల్యానికి ఆఖరి జీతంలో 30 శాతం ఇస్తారు. జీతం 40,000 రూపాయలనుకోండి. అప్పుడు నూరు శాతానికి 12,000, 20 శాతానికి 2,400 అవుతుంది. అయితే 1996 నుంచి 50 కంటే తక్కువ ఉన్న శాతాన్ని 50గా లెక్కించే పద్ధతి వచ్చింది. అప్పుడు 2,400 కాస్తా 6,000 అవుతుంది. దీన్ని మధ్యలో పంపినవారికే పరిమితం చేశారు. వైకల్యంతోనే సర్వీసు పూర్తిచేసినవారికీ ఇవ్వాలని 2014 డిసెంబరు 10న సుప్రీంకోర్టు తేల్చింది.

ఇక సైనికుడు మరణిస్తే భార్యకు వచ్చే పింఛను మూడు రకాలు. సాధారణ కుటుంబ పింఛను జీతంలో 30 శాతం. మరణం సేవ వల్ల జరిగితే ప్రత్యేక కుటుంబ పింఛను, 60 శాతం. యుద్ధంలోనో, సరిహద్దు సైనిక చర్యల్లోనో జరిగితే ఉదార కుటుంబ పింఛను, అంటే దాదాపు పూర్తి జీతం. 2013 జనవరిలో జమ్మూ కాశ్మీర్ నియంత్రణ రేఖ వెంబడి గస్తీ తిరుగుతూ, తీవ్రమైన చలి వాతావరణంలో ఊపిరి అందక గుండె ఆగి ఒక జవాను మరణించాడు. మొదట దాన్ని యుద్ధ మరణంగా నమోదు చేసి, తరువాత ఆ మాట మార్చారు. భార్యకు ప్రత్యేక పింఛను ఇచ్చి, ఉదార పింఛను ఇవ్వలేదు. ఆమె ట్రిబ్యునల్‌కు వెళ్ళి గెలిచింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు అప్పీలు చేసింది. 2024 డిసెంబరు 3న కోర్టు ఆ అప్పీలును కొట్టివేసి, ఈమెను ఇక్కడిదాకా ఈడ్చి ఉండవలసింది కాదని చెప్పింది. ఖర్చుల కింద 50,000 రూపాయలు రెండు నెలల్లో ఆమెకు చెల్లించమని ప్రభుత్వాన్ని ఆదేశించింది. భర్త పోయి అప్పటికి దాదాపు పన్నెండేళ్ళు.