కనబడని ఆడబిడ్డ – పంచాయతీ కర్తవ్యము
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



మంచినీరు, వీధిదీపములు, బడి, బాట – ఇవి మనము ప్రతి సమావేశమునందును చర్చించు విషయములు. నేడు నేను ప్రస్తావింపబోవునది మన తీర్మానముల పుస్తకములో సాధారణముగా కనబడనిది. గ్రామములోని ఒక ఆడబిడ్డ సాయంకాలము ఇల్లు చేరలేదు. చీకటి పడినది. తల్లి వాకిట నిలిచి వచ్చేపోయేవారిని అడుగుచున్నది. అట్టి వేళ ఆ కుటుంబము వారు మొట్టమొదట తలుపు తట్టునది సర్పంచి ఇల్లో, వార్డు సభ్యుని ఇల్లో. ఆ గడియలో మీ నోట వచ్చు మొదటి మాట, మీరు చేయు మొదటి పని ఆ బిడ్డ ప్రాణమును నిలుపవచ్చును.

పూర్వము ఇట్టి సంగతి రచ్చబండ దాటి పోవుటకు కొన్ని దినములు పట్టెడిది. నేడు ప్రతి చేతిలోను ఫోను కలదు. అర్ధరాత్రి లోపలనే ఆ బిడ్డ ఫోటో నాలుగు జిల్లాలు తిరిగివచ్చును. చూచిన ప్రతివాడును పరిశోధకుడగును. “ఇట్లు జరిగియుండును, ఫలానావాడే చేసియుండును” అని తీర్పు చెప్పును. ఇది మేలా, కీడా? ఒక్క మాటలో తేల్చుటకు వీలులేదు. రెండు దేశములలో జరిగిన రెండు సంగతులను మీ ముందుంచెదను. అవి విన్న పిమ్మట మీరే నిర్ణయింపుడు.

మొదటిది అమెరికాలోనిది. 2021వ సంవత్సరము వేసవిలో 22 ఏండ్ల యువతి యొకతె, తాను వివాహమాడదలచిన యువకునితో కలసి ఒక తెల్లని వ్యానులో దేశయాత్రకు బయలుదేరినది. సెప్టెంబరు 1వ తేదీన ఆ యువకుడు ఒంటరిగా ఆ వ్యానును నడుపుకొనుచు ఫ్లోరిడాలోని ఇంటికి తిరిగివచ్చెను. ఆమె రాలేదు. సెప్టెంబరు 11వ తేదీన ఆమె కుటుంబము పోలీసులకు ఫిర్యాదు చేసినది. అంతట దేశమంతయు అపరాధ పరిశోధనకు దిగినట్లయినది. ఆమె ప్రయాణములో తీసి లోకమునకు చూపిన చిత్రములను, వాటి క్రింద వ్రాసిన వాక్యములను లక్షలాది జనులు భూతద్దము పెట్టి పరిశీలించిరి. పలువురు పలు కథలు అల్లిరి.

ఆ కలకలములో నిజముగా అక్కరకు వచ్చిన సంగతి యొకటి కలదు. అదే దారిన ప్రయాణించిన ఒక కుటుంబము, ఆగస్టు 27వ తేదీన తమ వాహనములోని కెమెరా తీసిన చిత్రమును మరల త్రిప్పి చూచుకొన్నది. వయోమింగ్ రాష్ట్రములోని ఒక అడవి దారి ప్రక్కన ఆ తెల్లని వ్యాను ఆగియున్నది! వారు ఆ సంగతిని పరిశోధనాధికారులకు తెలిపిరి. సెప్టెంబరు 19వ తేదీన ఆ ప్రాంతముననే యువతి మృతదేహము లభించినది. ఆమె హత్యకు గురియైనట్లు తేలినది.

ఆ కుటుంబము ఏమి చేసినదో గమనింపుడు. వారు దోషి ఎవరని చెప్పలేదు. ఫలానా దినమున, ఫలానా చోట, ఫలానా బండిని చూచితిమని చెప్పిరి. తేదీ, స్థలము, ఆనవాలు – ఇంతియే. లక్షల మంది ఊహలు చేయలేని పనిని ఒక కుటుంబము చూచిన దృశ్యము చేసినది.

రెండవది ఇంగ్లండులోనిది. అది మన గ్రామముల వంటి గ్రామములో జరిగినది గనుక కొంచెము వివరముగా చెప్పెదను. లాంకషైర్ ప్రాంతమున వైర్ నది ఒడ్డున సెయింట్ మైకేల్స్ అను చిన్న పల్లె కలదు. 2023 జనవరి 27వ తేదీ ఉదయము 45 ఏండ్ల మహిళ, ఇద్దరు ఆడపిల్లల తల్లి, పిల్లలను బడిలో దిగవిడిచి, పెంపుడు కుక్కతో నది ఒడ్డున నడకకు పోయినది. తొమ్మిదిన్నర గంటల ప్రాంతమున ఆమె ఫోను అచ్చటి బల్లమీద కనబడినది. కుక్క సమీపమున తిరుగుచున్నది. ఆమె మాత్రము లేదు. నదిలో పడియుండునని పోలీసులు తొలినుండియు భావించిరి.

ఈ మాట దూరమున నున్నవారికి రుచింపలేదు. ఫోను చేతబట్టిన యువకులు ఎక్కడెక్కడి నుండియో ఆ పల్లెకు వచ్చిరి. నది ఒడ్డున నిలిచి వీడియోలు తీసిరి. ఇతరుల ఆవరణలలో, పాడుబడిన యింటిలో రాత్రివేళ వెదకిరి. ఆమె ఆప్తులనే శంకించిరి. గ్రామస్థులు భయపడి కావలివారిని కుదుర్చుకొనవలసి వచ్చెను. పోలీసులు గుంపులను చెదరగొట్టుటకు ప్రత్యేక ఉత్తర్వులు జారీచేసిరి. ఇక మీకు దగ్గరగా తాకు సంగతి వినుడు. అచ్చటి స్థానిక కౌన్సిలు సభ్యులకు దుర్భాషలతో సందేశములు రాసాగినవి. చివరకు కౌన్సిలు తన సభ్యుల ఫోను నంబర్లను, చిరునామాలను బహిరంగముగా చూపుట మానుకొనవలసి వచ్చినది. ప్రజలు ఎన్నుకొన్న ప్రతినిధులు తమ ప్రజలకే అందుబాటులో లేకుండ పోయిరి!

ఫిబ్రవరి 19వ తేదీన ఆమె దేహము అదే నదిలో, కొంత దిగువన దొరకినది. ప్రమాదవశమున నీట మునిగి మరణించినదని, అందు ఇతరుల ప్రమేయము లేదని జూన్ నెలలో విచారణాధికారి నిర్ణయించిరి. శీతకాలపు నది నీరు మంచువలె చల్లనై యుండును. అట్టి నీట హఠాత్తుగా పడినవారికి ఊపిరి బిగిసి, ఈతగాడైనను క్షణములలో అశక్తుడగుట సంభవించును. వేల వీడియోలు వెదకిన రహస్యము ఏదియు అందులో లేదు. ఆ మూడు వారములును ఆ తల్లి పిల్లలు, వారి తండ్రి పడిన వేదన మాత్రము నిజము.

అయితే తప్పు జనులది మాత్రమే కాదు. 2023 నవంబరులో వెలువడిన ఒక సమీక్ష పోలీసులను గూడ మందలించినది. పత్రికలకు ఎప్పటికప్పుడు సరియైన సమాచారము నీయనందున ఆ ఖాళీని వదంతులు నింపినవనియు, ఆమె ఆరోగ్యమునకు సంబంధించిన సొంత విషయములను వెల్లడించుట అనవసరమనియు ఆ సమీక్ష తెలిపినది. సత్యము చెప్పవలసినవాడు మౌనము వహించినచో అసత్యము గొంతెత్తును. ఇది ప్రభుత్వోద్యోగులకును, పంచాయతీకిని సమానముగా వర్తించు పాఠము.

ఇది పరదేశముల మాట, మనకేల యందురేమో. మన నేలమీద దీని ఫలితము మరింత దారుణమైనది. 2018వ సంవత్సరములో పిల్లలనెత్తుకుపోవువారు తిరుగుచున్నారన్న వదంతి వాట్సాప్ ద్వారా దేశమంతట ప్రాకినది. ఆ జూలైలో హైదరాబాదు యువకులు కొందరు కర్ణాటకలోని బీదరు జిల్లాకు కారులో పోయి, దారిలో పిల్లలకు చాక్లెట్లు పంచిపెట్టిరి. అనుమానించినవారు వారి వీడియోను ముందు ఊరికి పంపిరి. కారు కంటె ముందుగా ఆ వీడియో చేరినది. జనులు దారికి అడ్డముపెట్టి కొట్టగా, ఇంజనీరైన ఒక యువకుడు ప్రాణములు కోల్పోయెను. అదే కాలమున జోగులాంబ గద్వాల జిల్లాలో పోలీసు సూపరింటెండెంటు శ్రీమతి రెమా రాజేశ్వరి మరొక మార్గము త్రొక్కిరి. పోలీసులను ఊరూర తిప్పి, డప్పు వాయించి, పాటలు పాడి, వచ్చిన ప్రతి సందేశమును నమ్మరాదని జనులకు నచ్చజెప్పించిరి. వదంతి నడచిన బాటనే నిజమును గూడ నడిపించిన పని యది.

వదంతి ఒక ప్రమాదము. మౌనము మరొక ప్రమాదము. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలోని ఒక గ్రామమున ఒక బాలిక మృతదేహము పాడుబావిలో దొరకినది. ఆ కేసును విచారించుచుండగా, అంతకు మునుపు కనబడకుండ పోయిన మరి ఇద్దరి సంగతి బయటపడినది. వారిలో ఒక యువతిని గూర్చి ఫిర్యాదే చేయబడలేదు. ఇష్టపడి ఎవరితోనో వెళ్లియుండునని ఇంటివారు తలచిరి. ఆ గ్రామము పేరు నేను చెప్పను. ఇట్టి కేసులలో బాధితులను గుర్తింపజేయు వివరములను వెల్లడించుట చట్టరీత్యా నేరము. కాని ఆ ఊహ ఎంత ఖరీదైనదో మీరు తలచుకొనుడు. “లేచిపోయినది” అను ఒక్కమాట అపరాధికి ఎంత రక్షణ నిచ్చినది! ఫోనులో జరుగు ఊహాగానము ఎట్టిదో, పరువుకు భయపడి ఇంటిలో చేయు ఊహయు నట్టిదే. ఒకటి నిరపరాధిని కొట్టును, ఒకటి అపరాధిని దాచును.

అదే సంవత్సరము నవంబరులో హైదరాబాదు శివారున ఒక యువ పశువైద్యురాలు రాత్రివేళ కనబడకుండ పోయినది. ఆమె కుటుంబము ఫిర్యాదుకు పోగా, ఇది మా పరిధి కాదని పోలీసు స్టేషనులో త్రిప్పిపంపిరి. ఉదయమునకు ఆమె హత్య వెల్లడియైనది. అశ్రద్ధ వహించిన ముగ్గురు పోలీసు ఉద్యోగులు సస్పెండు చేయబడిరి. నేరము ఎక్కడ జరిగినను ఏ స్టేషనులోనైనను నమోదు చేయించుకొను జీరో ఎఫ్.ఐ.ఆర్. పద్ధతి అప్పటినుండి ప్రజలకు బాగుగ తెలిసివచ్చినది. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత దీనిని చట్టములోనే చేర్చినది.

ఇక పంచాయతీ సభ్యులుగా మనము చేయవలసినదేమి?

మొదటిది – ఆలస్యము చేయరాదు. 24 గంటలు చూడవలెనను నియమము ఏ చట్టములోను లేదు. వెంటనే 112కు ఫోను చేయించి, కుటుంబమును వెంటబెట్టుకొని పోలీసు స్టేషనుకు పొండు. 18 సంవత్సరములు నిండని బాలిక యైనచో 1098కి గూడ తెలుపవలెను. బాలబాలికలు తప్పిపోయినప్పుడు ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేసితీరవలెనని 2013లో సుప్రీంకోర్టు ఆదేశించినది. స్త్రీల సహాయమునకు 181 నంబరు కలదు.

రెండవది – చూచినదానిని కూర్చవలెను. ఆమె ఎన్ని గంటలకు బయలుదేరినది, ఏ వస్త్రములు ధరించినది, ఏ బస్సు ఎక్కినది, చివరకు ఎవరు చూచిరి – ఇవి కాగితముపై వ్రాయింపుడు. చూచినవారిని ఎవరికి వారిని విడివిడిగా పోలీసు అధికారివద్దకు పంపుడు. పదుగురిలో కూర్చుండబెట్టి అడిగినచో ఒకరి మాట మరొకరి నోట చేరును. దుకాణములలోని కెమెరాలలో పాత చిత్రములు కొన్ని దినములకు తమంతట తామే చెరిగిపోవును. యజమానులతో చెప్పి వాటిని భద్రపరపింపుడు.

మూడవది – ఊహించినదానిని ఆపవలెను. ఫోటోను పంపవలెనన్నచో పోలీసులు సిద్ధపరచినదానిని మాత్రమే, వారి ఫోను నంబరుతో పంపవలెను. ఆమె నడవడిని గూర్చి గాని, ప్రేమను గూర్చి గాని, కులమును గూర్చి గాని ఒక్క వాక్యమైనను చేర్చరాదు. గ్రామ వాట్సాప్ గుంపులో ఎవరిపేరైనను అనుమానితునిగా వచ్చినచో ఆ సందేశమును తొలగింపజేసి, తెలిసిన సంగతి యున్న స్టేషనులో చెప్పుమని పంపినవానికి చెప్పుడు. ఎవరి యింటిలోనికిని జనులను చొరబడనీయకుడు. పంచాయతీ తరఫున ఒక్కరే మాట్లాడవలెను. ఆ మాట పోలీసులు ధ్రువపరచినదై యుండవలెను. మౌనముగా మాత్రము ఉండరాదు.

నాలుగవది – బిడ్డ తిరిగివచ్చిన దినమున మన పని మరింత నాజూకైనది. 18 ఏండ్లు నిండిన స్త్రీ తన ఇష్టమున వెళ్లినచో, ఎక్కడ నివసింపవలెనో నిర్ణయించుకొను హక్కు ఆమెకు కలదు. రచ్చకట్టపై నిలువబెట్టి ప్రశ్నించు అధికారము మనకు లేదు. ఏ స్థితిలో వచ్చినను ఆమె మన ఊరి బిడ్డయే. పంపిన ఫోటోలను తొలగింపుడని నలుగురికి చెప్పుట గూడ మన బాధ్యతయే.

చివరగా ఒక మాట. నేను చెప్పిన అమెరికా యువతి కొరకు దేశమంతయు వెదకినప్పుడు, అచ్చటి పత్రికలే ఒక ప్రశ్న వేసినవి. అదే వయోమింగ్ రాష్ట్రములో 2011 నుండి 2020 వరకు ఆదివాసులు 710 మంది తప్పిపోయినట్లు నమోదైనది. వారిలో అధికులు పిల్లలు. వారి కొరకు ఏ దేశము మేలుకొన్నది? గ్వెన్ ఐఫిల్ అను పత్రికా రచయిత్రి 2004లోనే ఈ పక్షపాతమునకు “తప్పిపోయిన తెల్ల యువతి జబ్బు” అని ఎత్తిపొడుపు పేరు పెట్టియుండెను.

ఆ జబ్బు మనలో లేదని గుండెపై చేయివేసి చెప్పగలమా? పెద్దవీధి బిడ్డ కనబడనప్పుడు పది మోటారుసైకిళ్లు బయలుదేరును. ఊరి చివరి కాలనీలోని కూలివాని బిడ్డ, వలసపోయిన కుటుంబము బిడ్డ, తండాలోని బిడ్డ కనబడనప్పుడు ఎన్ని బయలుదేరును? జనుల ఆసక్తి ముఖము చూచి కలుగును, కథ చూచి పెరుగును. పంచాయతీ కర్తవ్యము ముఖము చూడరాదు. ఆ కాలనీ తల్లి అర్ధరాత్రి వచ్చి తలుపు తట్టినచో, కారణములు వెదకక, చెప్పులు తొడుగుకొని ఆమెతో స్టేషనుకు నడచు సభ్యుడున్న గ్రామమే సురక్షితమైన గ్రామము.

కావున మీ తదుపరి సమావేశములో ఈ విషయమును చర్చకు పెట్టుడు. ఎవరు స్టేషనుకు పోవలెను, ఎవరు వివరములు వ్రాయవలెను, ఎవరు ప్రజలతో మాట్లాడవలెను – ముందుగనే నిర్ణయించి, ఆ ముగ్గురి పేర్లను, 112, 1098, 181 నంబర్లను పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయింపుడు. ఆ గోడను చూడవలసిన అవసరము మీ గ్రామమున ఎవరికిని కలుగకుండుగాక. కలిగినచో, ఆ రాత్రి ఒక్క గడియయైనను వృథా పోకుండుగాక.