నోటు రాసిచ్చాం, నోరు రాసివ్వలేదు

(పల్లెలో సాయంత్రం జరిగిన సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నేను మాట్లాడబోయేది అప్పు గురించి. మన సభల్లో భూమి గురించి మాట్లాడుకుంటాం, రిజర్వేషన్ల గురించి మాట్లాడుకుంటాం, దాడుల గురించి మాట్లాడుకుంటాం. అప్పు గురించి మాత్రం మాట్లాడం. అది రాత్రి పిల్లలు నిద్రపోయాక మొగుడూ పెళ్ళాం గుసగుసగా మాట్లాడుకునే మాట. పక్కింటికి తెలిస్తే పరువు పోతుందని భయం. పక్కింట్లోనూ అదే అప్పు, అదే షావుకారు, అదే భయం. నలభై ఇళ్ళ పల్లెలో నలభై అప్పులు నలభై చోట్ల దాక్కున్నాయి. అప్పిచ్చినవాడి పెట్టెలో మాత్రం ఆ నలభై నోట్లూ ఒకే కట్టగా ఉన్నాయి. వాడికి మన లెక్క మొత్తం తెలుసు. మన లెక్క తెలియంది మనకే.

అందుకే ఈ మాట నలుగురిలో పెడుతున్నాను.

ఊళ్ళో వాళ్ళు ఏమంటారు? "వీళ్ళు తాగుతారు, తిరుగుతారు, అందుకే అప్పులపాలయ్యారు" అంటారు. సరే, లెక్క చూద్దాం. మన పల్లెలో ఎవరి అప్పు ఎందుకు పుట్టింది? ఆయన మిరప వేశాడు. భూమి కామందుది, కష్టం ఈయనది. కౌలు ముందే కట్టాలి. పాసుబుక్కు కామందు పేరు మీద ఉంది కాబట్టి బ్యాంకు అప్పు కామందుకే వస్తుంది. కౌలు రైతులకు అప్పు ఇప్పించడానికి 2011లో ఒక చట్టం వచ్చింది, ఆంధ్రలో 2019లో ఇంకో చట్టం వచ్చింది. ఆ రెండో చట్టం కింద కార్డు కావాలంటే కామందు ఒప్పుకుని సంతకం పెట్టాలి. ఆయన పెట్టడు. అప్పుడు విత్తనాలు, మందులు ఎక్కడినుంచి వస్తాయి? పురుగుమందుల కొట్టు నుంచి, అరువు మీద, వడ్డీ మీద. పంట వచ్చాక అదే కొట్టుకి, వాడు చెప్పిన ధరకే తూకం వేయాలి. ఇంకో ఇంట్లో తల్లికి జబ్బు చేసింది. ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది, ఆపరేషన్ ఖర్చు కొంత తప్పింది. పరీక్షలు, ప్రయాణాలు, పక్కన కూర్చున్న మనిషికి పోయిన కూలి ఎవరిస్తారు? మరో ఇంట్లో పిల్లాడి కాలేజీ. ఫీజు ప్రభుత్వం కడుతుందన్నారు, ఆ డబ్బు రాలేదు, ముందు నువ్వు కట్టు, తర్వాత చూద్దాం అన్నది కాలేజీ. ఇందులో తాగుడు ఎక్కడుంది? భూమి లేనివాడికి రోగం వచ్చినా అప్పే, చదువు వచ్చినా అప్పే, వాన రాకపోయినా అప్పే.

అప్పు మనకి కొత్త కాదు. మన తాతలకి అప్పు పేరు పాలేరుతనం. పిల్ల పెళ్ళికి కామందు దగ్గర కొంత డబ్బు తీసుకోవడం, దానికి కొడుకుని పాలేరుగా పెట్టడం. ఏడాది తిరిగేసరికి గింజలకి ఇంత, పోయిన గొడ్డుకి ఇంత, జ్వరం వచ్చి రాని రోజులకి ఇంత అని రాస్తే అప్పు తగ్గకపోగా పెరిగేది. మా నాయన అలా పదేళ్ళు చేశాడు. నేను పదో తరగతిలో ఉండగా ఆ నోటు మొదటిసారి చదివింది నేనే. మా నాయన చేతికి వచ్చిన డబ్బు ఒకటి, కాగితం మీద ఉన్న అంకె ఒకటి. కింద ఆయన వేలిముద్ర. పదేళ్ళపాటు మా ఇంట్లో ఆ కాగితం చదవగలిగినవాడు లేడు. చదువు అంటే ఉద్యోగం ఒక్కటే అనుకోకండి. మన వేలిముద్ర పైన ఏం రాసి ఉందో తెలుసుకోవడం కూడా చదువే.

రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చింది. ఆ చట్టం ఏం చెప్పింది? వెట్టి మనిషి విడుదల ఒక్కటే కాదు, ఆ వెట్టికి కారణమైన అప్పు కూడా రద్దు అన్నది. ఆ బాకీ కోసం కోర్టులో దావా చెల్లదు. ఇది వెట్టి అప్పు అని మనం అంటే, కాదని రుజువు చేసుకోవాల్సింది అప్పిచ్చినవాడే. ఇంత గట్టి చట్టం ఉంది. అయినా పాలమూరు నుంచి మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఎక్కడెక్కడికో మట్టి పనికి పోయిన వాళ్ళ కథ మనకి తెలుసు. ఒడిశా నుంచి మన ఇటుక బట్టీలకి వచ్చే కుటుంబాల కథా తెలుసు. అడ్వాన్సు తీరేదాకా కదలడానికి లేదంటే, పేరు ఏం పెట్టినా అది వెట్టే. అలాంటిది మన దగ్గర కనబడితే కలెక్టరుకి రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ చట్టం అమలు బాధ్యత కలెక్టరుది.

కొత్త కామందులు

ఇప్పుడు కామందు గుమ్మం దగ్గర నిలబడాల్సిన పని లేదు. అప్పే మోటారు సైకిలెక్కి మన గుమ్మానికి వస్తోంది. వారం కిస్తీ కంపెనీలు వచ్చాయి. పదిమంది ఆడవాళ్ళని ఒక గ్రూపు చేసి, ఒకరు కట్టకపోతే మిగతావాళ్ళు కట్టాలన్నారు. దాంతో వసూలు చేసే పని కంపెనీ నుంచి మన ఆడవాళ్ళ మీదే పడింది. నిన్నటిదాకా ఒకే కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకున్నవాళ్ళు కిస్తీ రోజున శత్రువులయ్యారు. వసూళ్ళ వేధింపులకి ఉరి పోసుకున్నవాళ్ళ వార్తలు వరసగా వచ్చాక 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, 2011లో అది చట్టమైంది. 2023లో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు కింద నమోదైన కంపెనీలకి ఆ చట్టం వర్తించదని చెప్పింది. 2015 డిసెంబరులో విజయవాడ కాల్‌మనీ వ్యవహారం బయటపడింది. అప్పు పేరుతో ఆడవాళ్ళని ఎంతకి దిగజార్చారో అప్పుడు లోకం చూసింది. 2020లో ఫోను అప్పులు. ఫోనులో ఉన్న పేర్లన్నీ లాక్కుని, బంధువులకి ఫోన్లు చేసి పరువు తీశారు. కామందు కర్ర పట్టుకుంటే వీళ్ళు ఫోను పట్టుకున్నారు. రెండింటికీ పెట్టుబడి ఒక్కటే, మన సిగ్గు.

వడ్డీ లెక్క

ఇప్పుడు పలకా బలపం తీద్దాం. షావుకారు వడ్డీ నెలకి చెబుతాడు, బ్యాంకు ఏడాదికి చెబుతుంది. "మూడు రూపాయలే కదా" అనిపిస్తుంది. నూటికి నెలకి 3 అంటే ఏడాదికి 36. పది వేలు తీసుకుంటే ఏడాదికి 3,600. మూడేళ్ళకి 10,800, అసలు కంటే వడ్డీ ఎక్కువ. అప్పుడేం చేస్తారు? నోటు తిరగరాస్తారు. కొత్త నోటు 20,800. మళ్ళీ మూడేళ్ళు గడిస్తే వడ్డీ 22,464. మొత్తం 43,264. ఆరేళ్ళ కింద మన చేతికి వచ్చింది పది వేలు.

రోజు ఫైనాన్సు చూడండి. పదివేల అప్పు అంటాడు, ముందే 1,500 పట్టుకుని 8,500 ఇస్తాడు. రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. "1,500 వడ్డీయే కదా" అంటాడు. కాదు. మొదటి రోజు నుంచే డబ్బు వెనక్కి పోతోంది. సగం రోజులయ్యేసరికి సగం డబ్బు వాడి దగ్గరకే చేరింది. సగటున మన దగ్గర ఉన్నది నాలుగు వేల చిల్లర. దాని మీద వంద రోజులకి 1,500 అంటే నూటికి నెలకి పది రూపాయల పైమాటే. కూరగాయల బండి మీద అంత లాభం వస్తుందా? రాదు. రానప్పుడు ఆ అప్పు బండిని నడపదు, బండిని తింటుంది.

చట్టంలో మనకున్న పట్టు

అప్పు ఎగ్గొట్టమని నేను చెప్పడం లేదు. తీసుకున్నది తీరుద్దాం. చట్టం ఒప్పుకోని మాట మాత్రం పడొద్దు.

ప్రామిసరీ నోటు మీద దావా వేయడానికి గడువు 3 ఏళ్ళు. ఆ లోపల కొంత చెల్లించి నోటు వెనక సంతకం పెడితే, గడువు ఆ రోజు నుంచి మళ్ళీ మొదలవుతుంది. ఇది తెలిసి సంతకం పెట్టండి.

అప్పుకి ఇంట్లో సామాను ఎత్తుకుపోయే హక్కు ఏ షావుకారుకీ లేదు. జప్తు కోర్టు చేయాలి. కోర్టుకి కూడా హద్దు ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం కట్టుబట్టలు, వంట గిన్నెలు, పక్కబట్టలు, ఆచారం ప్రకారం ఆడమనిషి ఒంటిమీద నుంచి తీయకూడని నగలు, పనివాడి పనిముట్లు, కూలివాడు ఉంటున్న ఇల్లు, కూలి డబ్బు జప్తు చేయకూడదు. 56వ సెక్షన్ ప్రకారం డబ్బు డిక్రీ కింద ఆడమనిషిని అరెస్టు చేయకూడదు. "పోలీసుల్ని తెస్తా, జైల్లో వేయిస్తా" అని ఆడవాళ్ళని బెదిరించేవాడికి ఈ సెక్షన్ చదివి వినిపించండి.

తండ్రి చనిపోతే ఆయన అప్పుకి కొడుకు బాధ్యత ఆయన నుంచి వచ్చిన ఆస్తి మేరకే, కొడుకు స్వయంగా సంతకం పెట్టి ఉంటే తప్ప.

కిస్తీ కంపెనీలకి రిజర్వు బ్యాంకు 2022లో నిబంధనలు పెట్టింది. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న ఇంటికి ఇచ్చే అలాంటి అప్పుకి తాకట్టు అడగకూడదు. ఇంటి అప్పులన్నిటి కిస్తీలూ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. అన్ని ఖర్చులూ కలిపిన ఏడాది వడ్డీ ఎంతో మనకి అర్థమయ్యే భాషలో కాగితం ఇవ్వాలి. ముందే తీర్చేస్తే జరిమానా వేయకూడదు. బూతులు, బెదిరింపులు, పొద్దున 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్లు కుదరవు. కంపెనీకి రాసి ఇచ్చినా 30 రోజుల్లో న్యాయం జరగకపోతే రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల నంబరు 14448. ఫోను మోసాలకి 1930. నలుగురిలో కులం పేరుతో తిడితే 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉండనే ఉంది.

ఇక మనం చేయాల్సినవి

ఒకటి. ప్రతి ఇంట్లో అప్పుల పుస్తకం పెట్టాలి. ఎవరిది, ఏ రోజు, చేతికి ఎంత వచ్చింది, నోటు మీద ఎంత రాశారు, వడ్డీ ఎంత, ఇప్పటిదాకా ఎంత కట్టాం. రాయడం రాని ఇంటికి పదో తరగతి పిల్లలు వెళ్ళి రాయాలి. పుస్తకం మొగుడు ఒక్కడి దగ్గరే ఉండకూడదు. కిస్తీ కట్టేది ఎక్కువగా ఆడవాళ్ళే, కాబట్టి లెక్క వాళ్ళకీ తెలియాలి.

రెండు. ఖాళీ నోటు మీద సంతకం గానీ వేలిముద్ర గానీ వేయొద్దు. అంకె అక్షరాల్లో రాయించాలి. సాక్షుల్లో ఒకరు మన పల్లె మనిషి ఉండాలి. కట్టిన ప్రతిసారీ చెల్లు రాయించి ఫోనులో ఫొటో తీసుకోవాలి. తీరిన రోజు నోటు వెనక్కి తెచ్చుకోవాలి. ఏటీఎం కార్డు, పాసుపుస్తకం తాకట్టు పెట్టొద్దు.

మూడు. ఎక్కువ వడ్డీ అప్పు ముందు తీర్చాలి. పొదుపు సంఘం ద్వారా వచ్చే బ్యాంకు అప్పు అన్నిటికంటే చవక. దాన్ని ఫంక్షనుకి ఖర్చు పెట్టి, రోగానికి రోజు ఫైనాన్సుకి పోవడం తలకిందులు పని. కుదువలో ఉన్న బంగారం విడిపించలేమని తెలిసినప్పుడు, కొంత అమ్మి మిగతాది తెచ్చుకోవడం మేలు. ఇక ఫంక్షన్ల మాట. పిల్ల పెద్దమనిషయితే ఫ్లెక్సీలు, పెళ్ళికి కట్నం, చనిపోతే పెద్దకర్మకి ఊరంతటికీ భోజనం. ఎవరిని చూసి నేర్చుకున్నాం ఇవి? మనల్ని గడప తొక్కనివ్వని వాళ్ళని చూసి. వాళ్ళకి భూమి ఉంది, మనకి నోటు ఉంది. పల్లె అంతా కూర్చుని ఒక కట్టుబాటు పెట్టుకుంటే ఎవరికీ చిన్నతనం ఉండదు. ఒక్కడు తగ్గిస్తే పిసినారి అంటారు, అందరూ తగ్గిస్తే పద్ధతి అంటారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద అలాగే కలిసి నిలబడ్డారు. 1993 అక్టోబరులో ప్రభుత్వమే సారా నిషేధించింది.

నాలుగు. అప్పున్న మనిషిని ఒంటరిగా వదలొద్దు. వసూలుకి ఎవరు వచ్చినా ఇంటి గుమ్మం దగ్గర కాదు, అంబేద్కర్ బొమ్మ దగ్గర కూర్చోబెట్టండి. పక్కన ముగ్గురు ఉండండి, ఒకరు ఆడమనిషి. గడువు అడగడంలో తప్పు లేదు. ఎవరైనా తలుపేసుకుని మాట్లాడటం మానేస్తే, అన్నం మానేస్తే, పురుగుమందు డబ్బా ముందు ఆ ఇంట్లోనుంచి తీసేయండి. ఆ రాత్రి అక్కడే పడుకోండి. మాట్లాడటానికి మనిషి కావాలంటే 14416కి ఫోను చేస్తే ఖర్చు లేకుండా మాట్లాడతారు. తమ్ముళ్ళారా, ప్రాణం ఏ నోటు మీదా చెల్లు కింద జమ కాదు. మనిషి పోయాక కూడా పిల్లల ముందు ఆ నోటు అలాగే ఉంటుంది. మనిషి ఉంటే దాన్ని తీర్చే దారి ఉంటుంది.

చివరిగా ఒక మాట. ఇది డబ్బు గొడవ ఒక్కటే అయితే నేను ఇంతసేపు మాట్లాడను. కూలి రేటు పెంచమని అడగాల్సిన రోజున మనలో కొందరు ఎందుకు తలదించుకుంటున్నారు? దాడి కేసులో సాక్షి చెబుతానన్నవాడు కోర్టు మెట్లెక్కే ముందు ఎందుకు మనసు మార్చుకుంటున్నాడు? వాడు పిరికివాడు కాదు. వాడి నోటు అవతలివాడి పెట్టెలో ఉంది. అంబేద్కర్ 1923లోనే రూపాయి సమస్య మీద లండన్‌లో పుస్తకం అచ్చు వేసినవాడు. ఆయన బిడ్డలం మనం మన ఇంటి రూపాయి లెక్క మనమే రాసుకుందాం. వచ్చే అమావాస్య సెలవు రోజున పుస్తకాలు పట్టుకుని మళ్ళీ ఇక్కడే కూర్చుందాం. మొదటి పేరు ఎవరిదైనా సరే, సిగ్గు లేకుండా చదువుదాం. నోటు రాసిచ్చాం, తీరుస్తాం. నోరు మాత్రం ఎవరికీ రాసివ్వలేదు.

జై భీమ్.