మోడ్లారాయిట్: మ్యాపులో గీత, ఊళ్ళో గోడ

(పూర్వ విద్యార్థుల స్వర్ణోత్సవ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

కుర్చీలు చాలక షామియానా గుంజలకు ఆనుకొని నిలబడ్డ మిత్రులారా! పదో తరగతిలోనూ మీరక్కడే ఉండేవారు, గోడకానుకొని.

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "జర్మనీలో రెండేళ్ళు పనిచేశావు కదా, ఓ అరగంట మాట్లాడు" అన్నారు. అక్కడి రైళ్ళ గురించో, రోడ్ల గురించో చెబుతానని ఆయన అనుకొని ఉంటారు. నేను మాత్రం పట్టుమని యాభైమంది ఉండే ఓ పల్లెటూరి గురించి చెబుతాను. అదొక పాత బాకీ.

1984లో మేం తొమ్మిదో తరగతి. సాంఘికశాస్త్రం మాస్టారు ఐరోపా పటం తగిలించారు. ఆ పటానికి కింది కర్ర ఊడిపోయి చుట్టుకుపోతూ ఉండేది. అందుకని ఎవరో ఒకరం అడుగున పట్టుకొని నిలబడాలి. ఆ రోజు వంతు నాది. తూర్పు జర్మనీ గులాబీ రంగు, పశ్చిమ జర్మనీ ఆకుపచ్చ, మధ్యలో నల్లటి గీత. వెనక బెంచీలోంచి మావాడొకడు లేచి, "ఆ గీత ఎవరింటి మీదైనా పడితే ఏం చేస్తారండీ?" అని అడిగాడు. క్లాసంతా గొల్లుమంది. మాస్టారు నవ్వలేదు. "నాకూ తెలీదురా. మీలో ఎవరైనా వెళ్తే చూసొచ్చి నాకు చెప్పండి" అన్నారు.

ఆ మాస్టారు ఇవాళ ముందు వరసలో ఉన్నారు. మాస్టారూ, వెళ్ళి చూసొచ్చాను.

నేను న్యూరెంబర్గ్‌లో ఉండేవాణ్ణి. అక్కణ్ణుంచి బెర్లిన్ వెళ్ళే హైవే మీద ఉత్తరంగా దాదాపు 150 కిలోమీటర్లు వెళ్తే హోఫ్ అనే పట్నం దాటాక చిన్నరోడ్డు చీలుతుంది. పొలాలు, మధ్యమధ్య అడవి, ఆ పల్లంలో నాలుగు కొంపలు. అదే మోడ్లారాయిట్. ఊరి మధ్య నుంచి టాన్‌బాఖ్ అనే వాగు పారుతుంది. వాగు అన్నాను గానీ, మన పంటబోదె కంటే పెద్దదేం కాదు. ఉద్యోగంలో సగం కాలం కల్వర్టులు కట్టినవాణ్ణి కాబట్టి చూడగానే అంచనా వేశాను: స్లాబు కూడా అక్కర్లేదు, రెండు తూములు వేస్తే సరిపోతుంది. చొక్కా జేబులో పెన్ను జారిపోకుండా దూకొచ్చు.

ఆ బోదే మీ పటంలోని గీత, మాస్టారూ.

గీత గీసింది మాత్రం రష్యా వాళ్ళూ కాదు, అమెరికా వాళ్ళూ కాదు. 1810లో, నెపోలియన్ రోజుల్లో, బవేరియా రాజ్యానికీ రాయిస్ అనే చిన్న సంస్థానానికీ మధ్య ఈ వాగును హద్దుగా పెట్టి సరిహద్దు రాళ్ళు పాతారు. కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. మన పొలంగట్ల మీది సర్వే రాళ్ళలాంటివే. ఒకవైపు బవేరియా రాజ్యం అనడానికి 'కె బి', రెండోవైపు రాయిస్ సంస్థానం అనడానికి 'ఎఫ్ ఆర్' అని చెక్కి ఉంటుంది. 1920లో రాయిస్ తూరింగియా రాష్ట్రంలో కలిసింది. రాజులు పోయారు, రాళ్ళు మిగిలాయి.

ఆ వందా ముప్ఫై ఏళ్ళూ ఊరికి ఆ రాళ్ళతో పట్టింపే లేదు. శిస్తు కట్టేటప్పుడు మాత్రమే ఎవరిది ఏ వైపో గుర్తుకొచ్చేది. బడీ, సత్రంలాంటి హోటలూ తూరింగియా వైపు. చర్చికి వెళ్ళాలంటే బవేరియా వైపున్న ట్యోపెన్ అనే పక్కూరికి. పిల్లలు పలకా పుస్తకం పట్టుకొని వాగు దాటి ఇటొచ్చేవారు, పెద్దవాళ్ళు ఆదివారం అటు వెళ్ళేవారు. వియ్యాలు కూడా వాగుకు అటూఇటూనే.

1945లో యుద్ధం ముగిసింది. జర్మనీని పంచుకున్న దేశాలు కొత్త గీతలు గీసే శ్రమ పడలేదు, చాలాచోట్ల పాత రాష్ట్రాల హద్దులనే వాడుకున్నాయి. బవేరియా అమెరికాకు, తూరింగియా సోవియట్ యూనియన్‌కు. 1949లో అవి రెండు దేశాలయ్యాయి. శిస్తు కోసం పాతిన రాయి రెండు ప్రపంచాలకు హద్దురాయి అయింది. అయినా చీటీ ఒకటి చూపించి కొన్నాళ్ళు వాగు దాటుతూనే ఉన్నారు.

1952 మే 26న తూర్పు జర్మనీ ప్రభుత్వం ఉత్తర్వు తెచ్చింది. సరిహద్దు వెంట 10 మీటర్ల మేర నేల దున్ని, ఎవరైనా అడుగు వేస్తే జాడ కనిపించేలా చదును చేశారు. దాని వెనక 500 మీటర్ల కట్టుదిట్టమైన పట్టీ, ఆ వెనక 5 కిలోమీటర్ల లోతున నిషిద్ధ ప్రాంతం. అక్కడుండేవాళ్ళకు ప్రత్యేక ముద్ర, చుట్టాలు రావాలంటే అనుమతి. నమ్మకం లేదనుకున్న కుటుంబాలను సరిహద్దు పొడవునా వేలమందిని ఆ జూన్‌లోనే లోపలి ప్రాంతాలకు తరలించారు. తరలింపుకు అధికారులు రహస్యంగా పెట్టుకున్న పేరుకి అర్థం 'పురుగూ పుట్రా'. మోడ్లారాయిట్‌లో వాగు వెంట చెక్కల దడి లేచింది. బవేరియా వైపు పిల్లలకు వాగవతల బడి ఆ రోజుతో సరి.

వెనక బెంచీ మిత్రుడా, నీ ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. సరిహద్దుకు మరీ దగ్గరగా ఉన్న ఇళ్ళను ఖాళీ చేయించి, చాలావాటిని పడగొట్టారు. గీత ఇంటిమీద పడితే గీత జరగదు, ఇల్లే పోతుంది.

చెక్కలు పోయి ముళ్ళకంచె వచ్చింది. 1966లో కాంక్రీటు గోడ. పొడవు 700 మీటర్లు, ఎత్తు మూడు మీటర్లకు పైనే. బెర్లిన్ గోడ లేచిన అయిదేళ్ళకు, ఈ మారుమూల పల్లెలో. అమెరికా సైనికులు దీన్ని 'లిటిల్ బెర్లిన్' అనేవారు.

ఇప్పుడు అందులో దాదాపు వంద మీటర్లు అలాగే ఉంచి, దాని చుట్టూ ఆరుబయట మ్యూజియం పెట్టారు. గోడ, కాపలా టవరు, కంచెలు, ఆనాటి సైనిక వాహనాలు. తోటి సందర్శకులు ఫోటోలు దిగుతుంటే, నేను అలవాటుకొద్దీ గోడను ఇంజనీరులా చూశాను. ఏ గోడైనా కట్టేముందు మేం వేసుకునే మొదటి ప్రశ్న ఒకటే: లోడు ఎటునుంచి? మట్టి ఎటునుంచి తోస్తుంది, నీళ్ళు ఎటునుంచి వస్తాయి? దానికి తగ్గట్టే పునాదీ, వాలూ, ఇనుమూ. తూర్పు ప్రభుత్వం ఇదంతా బయటి శత్రువు నుంచి రక్షణకేనని చెప్పేది. సరే, చూద్దాం. గోడపైన గుండ్రటి గొట్టం, చెయ్యి వేస్తే పట్టు దొరక్కుండా. గోడకు తెల్లరంగు, ముందు నిలబడ్డ మనిషి చీకట్లోనూ కనబడేలా. తాకితే గంట మోగే కంచె ఎక్కడుంది? గోడకు లోపలివైపు, ఊరికీ గోడకీ మధ్యన. ఆ సరిహద్దులో చాలాచోట్ల వాహనాలను ఆపే కందకం ఒకటి తవ్వారు. దానికి ఒక పక్క ఏటవాలు, ఒక పక్క నిట్టనిలువు కాంక్రీటు. బయటినుంచి వచ్చే శత్రువును ఆపాలంటే నిలువు పక్క ఎటుండాలి? శత్రువుకు ఎదురుగా, అంటే లోపలివైపు ఒడ్డున. ఇక్కడ అది పశ్చిమం వైపు ఒడ్డున ఉంది. లోపలినుంచి వచ్చే బండి దిగగలదు, ఎక్కలేదు.

ఉపన్యాసాలు ఏమైనా చెప్పొచ్చు, డ్రాయింగు అబద్ధం చెప్పలేదు. ఆ గోడకు డిజైన్ లోడు సొంత జనమే.

గోడ సరిగ్గా హద్దు మీద లేదు, వాగు నుంచి కొంచెం లోపలికి జరిపి కట్టారు. అందువల్ల గోడ బయటున్న కాస్త నేల కూడా తూర్పు దేశానిదే. ఇటునుంచి తెలియక వాగు దాటినవాడు పరాయి దేశంలో కాలుపెట్టినట్టే. బవేరియా వైపు బస్సుల్లో జనం వచ్చి గోడను చూసి వెళ్ళేవారు. 1983 ఫిబ్రవరి 5న అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు జార్జ్ బుష్ కూడా వచ్చి చూశారు. ఇటువాళ్ళు గుట్టమీద నిలబడి చెయ్యి ఊపితే అటువాళ్ళకు కనిపించేది. తిరిగి చెయ్యి ఊపడం మాత్రం నిషేధం. ఎదురింటి మనిషి, యాభై అరవై అడుగుల దూరం. పలకరింపుకు పలకరింపు లేదు. నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది అదే. కాంక్రీటు సంగతి నాకు తెలుసు, కానీ ఊపబోయిన చెయ్యి మధ్యలో ఆగిపోవడానికి ఏ లెక్క వేశారో!

1973 మేలో ఒకతను ఈ గోడ దాటాడు. ఆ ప్రాంతం తెలిసిన డ్రైవరు, లోపలికి రావడానికి అనుమతి ఉన్నవాడు. వ్యానును గోడదాకా తెచ్చి, నిచ్చెన వేసి అవతలికి దూకేశాడు. గంటలు, టవర్లు, కుక్కలు, ఇన్ని పెట్టిన చోట ఒక నిచ్చెన.

ఈ కథ మ్యూజియంలో విన్నప్పుడు నేను అక్కడున్న బెంచీ మీద కూర్చుండిపోయాను. ఇది ఇంతవరకు మా ఇంట్లో కూడా చెప్పలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఫ్యాక్టరీ పనికి సైట్ ఇంజనీరుగా ఉన్నాను. కాంపౌండ్ వాల్ కడుతుంటే ఒకరోజు పొద్దున్నే పక్క పాలెం నుంచి పదీ పన్నెండుమంది పిల్లలు సంచులు తగిలించుకొని వచ్చి నిలబడ్డారు. వాళ్ళ బడిదారి మా గోడ కింద పోయింది. "డ్రాయింగులో దారి లేదమ్మా, చుట్టూ తిరిగి వెళ్ళండి" అన్నాను. చుట్టూ అంటే రెండు కిలోమీటర్లు. వారం తిరక్కముందే గోడకు రెండువైపులా వెదురు నిచ్చెనలు లేచాయి. పెద్దసారు చూస్తే మాటొస్తుందని వాటిని తీయించింది నేనే. ఓ చిన్న గేటు పెడదామని పైకి రాసి ఉంటే ఒప్పుకునేవారేమో. రాయలేదు. ఫ్యాక్టరీ మూతపడి చాలాకాలమైంది, గోడ ఉంది. నేను కట్టిన గోడ గట్టిదే.

రెండు గోడలూ ఒకటేనని నేననడం లేదు. అక్కడ కాపలావాళ్ళ చేతుల్లో తుపాకులున్నాయి. కాకపోతే ఆ గోడ డ్రాయింగు గీసినవాడు ఎలా ఉండేవాడో ఊహించుకోవడం నాకు కష్టం కాలేదు. అంతే.

ఇక మిగిలింది త్వరగా చెప్పేస్తాను, వంటవాళ్ళు ఇటే చూస్తున్నారు. 1989 నవంబర్ 9న బెర్లిన్ గోడ తెరుచుకుంది. అప్పుడు నేను ఇంజనీరింగ్ హాస్టల్లో ఉన్నాను, టీవీలో చూశాం. మోడ్లారాయిట్‌లో అదే రాత్రి ఏమీ జరగలేదు. పెద్ద నగరంలో కూలింది గానీ, పల్లెలో గోడ అలాగే నిలబడి ఉంది. ఇంకో నెల ఆగి డిసెంబర్ 9న, కాలినడకన వెళ్ళేవాళ్ళకు మాత్రం దారి ఇచ్చారు. 37 ఏళ్ళ తర్వాత వాగు అవతలి ఇంటికి నడిచి వెళ్ళారు. 1952లో బడికి పోయే వయసు పిల్లలు అప్పటికి దాదాపు మన వయసువాళ్ళు. 1990 జూన్ 17న యంత్రం పెట్టి గోడ పడగొట్టారు. ఆ అక్టోబర్ 3న రెండు దేశాలు ఒకటయ్యాయి.

ఊరు మాత్రం ఒకటి కాలేదు, ఇది చాలామందికి వింతగా ఉంటుంది. పాత రాష్ట్ర సరిహద్దు అలాగే ఉంది. సగం ఊరు బవేరియాలోని ట్యోపెన్ పంచాయతీ, సగం తూరింగియాలోని గెఫెల్ పురపాలిక. రెండు పిన్‌కోడ్లు, రెండు ఎస్‌టీడీ కోడ్లు, కార్లకు రెండు రకాల నంబర్లు. జనవరి 6న ఇటు సెలవు, అటు లేదు. అక్టోబర్ 31న అటు సెలవు, ఇటు లేదు. పలకరింపు కూడా వేరే: ఇటు 'గ్రూస్ గాట్', అటు 'గూటెన్ టాగ్'. రెండు రాష్ట్రాల సిలబస్ వేరు కనుక పిల్లలు ఇప్పటికీ వేర్వేరు బళ్ళకు వెళ్తారు. సాయంత్రం మాత్రం ఒకేచోట ఆడుకుంటారు. ఈ వాగు పేరుతోనే 2015లో జర్మన్ టీవీలో ఓ సీరియల్ కూడా వచ్చింది, అప్పట్నుంచి సందర్శకులు ఇంకా పెరిగారట.

నేను వెళ్ళిన రోజు వాన వెలిసింది. వాగు గట్టున ఎవరూ లేరు. మోకాలు ఈమధ్య సహకరించడం లేదు గానీ, దూకాల్సిన అవసరమే రాలేదు. ఇటో కాలు, అటో కాలు వేసి నిలబడ్డాను. ఎవరూ అడగలేదు. ఓ పెద్దావిడ అటు ఇంటి కిటికీ తెరిచి నన్ను చూసి చెయ్యి ఊపింది, నేనూ ఊపాను.

ఫోటో తెచ్చాను మాస్టారూ. కింద అంచు చుట్టుకుపోకుండా లామినేషన్ చేయించాను. భోజనాల దగ్గర మీకు చూపిస్తాను.