వేడిమికిని గాలికిని గల లెక్క

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



అమరకోశమున అగ్నికి చెప్పబడిన పేళ్లలో 'వాయుసఖుడు' అనునది యొకటి. గాలి నిప్పునకు చెలికాడని దాని భావము. పొయ్యి యూదు గృహిణికి ఈ స్నేహము నిఘంటువు చూడకయే తెలియును. అయితే ఈ స్నేహమునకు రెండవ ముఖము కూడ కలదు. నిప్పును రగిల్చు గాలియే పాలగిన్నెను చల్లార్చుచున్నది. మన యొడలి వేడిమిని మోసికొనిపోవుచున్నది. కావున వేడిమి యెక్కడినుండి యెక్కడికి పోవుచున్నదో తెలియవలెనన్న గాలి నడక తెలియవలెను. ఆ నడకయో, వేడిమి ననుసరించి మారుచుండును. వేడెక్కిన గాలి తేలికయై పైకి పోవును. చల్లనిది బరువై క్రిందికి దిగును. ఒకటి తెలిసిననే గాని రెండవది తెలియదు, రెండవది తెలిసిననే గాని మొదటిది తెలియదు. ఈ చిక్కుముడిని అంకెలతో విప్పు విద్యను ప్రవాహగణన మనవచ్చును. దానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదును.

మన పల్లెకు ఇది యేల యని అడుగవచ్చును. 2015 మే నెలలోని వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రములలో వేయిమందికి పైగా మరణించిరి. ఎండ మనకు కేవలము చికాకు కాదు, ప్రాణగండము. అదియునుగాక, ఈ రజతోత్సవ సందర్భమున క్రొత్త పఠనమందిరము కట్టవలెనని సభ్యులు తలపెట్టియున్నారు. ఇప్పటి రేకుల గదిలో వేసవి పగలు పన్నెండు దాటిన పిమ్మట చదువరి నిలువలేకున్నాడు. సెలవులలో పిల్లలకు తీరిక దొరకునది ఆ వేళనే. పుస్తకములున్నవి, చదువువారున్నారు, నడుమ వేడిమి అడ్డుగా నున్నది. చందాల సొమ్ము ఒక్కమారే ఖర్చగును. కట్టిన పిదప విచారించుటకంటె కట్టక మునుపే లెక్క చూచుకొనుట మేలు.

ఈ విద్యకు మూలసూత్రములు పాతవే. వేడిమి వస్తువులలో వ్యాపించు విధమును ఫ్రెంచి పండితుడు ఫూర్యే 1822లో గ్రంథరూపమున ప్రకటించెను. అదే యేట నావియే, పిమ్మట 1845లో స్టోక్సు, ద్రవములును వాయువులును ప్రవహించు తీరునకు సమీకరణములు కూర్చిరి. సమీకరణములు సిద్ధమైనవి గాని, ఒక సామాన్యమైన గదికి సయితము వానిని కలముతో సాధించుట అసాధ్యమయ్యెను. అప్పుడు రిచర్డ్‌సన్ అను ఆంగ్లేయుడు మన లెక్కల వారికి నచ్చు ఉపాయము నొకదానిని పట్టెను. ఆకాశమును గళ్లుగా విభజించి, ఒక్కొక్క గడికి ఒక్కొక్క ఖాతా తెరచి, పొరుగు గడినుండి వచ్చినదెంత, పొరుగునకు పోయినదెంత యని లెక్క వ్రాయుటయే ఆ యుపాయము. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఫ్రాన్సులో క్షతగాత్రుల వాహనము నడుపుచునే ఆయన ఈ పద్ధతిని 1910 మే 20వ తేదీనాటి వాతావరణమునకు అన్వయించి చూచెను. ఆరు గంటలలో వాయుపీడనము 145 మిల్లీబారులు పెరుగవలెనని లెక్క తేలెను; నిజమునకు ఆనాడు పీడనము దాదాపు కదలనేలేదు. ఆ మహనీయుడు దానిని దాచక 1922లో తన గ్రంథమున అచ్చువేయించెను. లోకమంతటి వాతావరణమును వేళకు గణించుటకు 64,000 మంది గణకులు ఒక్క మందిరమున కూర్చుండవలెనని యందులోనే ఊహించెను.

ఆ గణకుల పనిని తరువాత యంత్రము చేపట్టెను. 1950లో అమెరికాలోని ఎనియాక్ అను కంప్యూటరుపై తొలి వాతావరణగణనము జరిగినది. 1972లో లండనులోని ఇంపీరియల్ కళాశాల ఆచార్యుడు స్పాల్డింగును, పుణెలోను బొంబాయి ఐ.ఐ.టి.లోను చదివి యచ్చటికి పోయిన సుహాస్ పాటణ్‌కర్ అను భారతీయుడును కలిసి, ప్రవాహమును గణించుటకు సులభమైన క్రమమును ప్రకటించిరి. దాని సారమిది: ముందుగా ప్రతి గడిలోను పీడనము నొకదానిని ఊహింపుము, దానినిబట్టి గాలి వేగము కట్టుము, గడిలోనికి వచ్చిన గాలియు పోయిన గాలియు సరిపోనిచో, ఆ తేడానుబట్టి పీడనమును సవరింపుము, తేడా అణగువరకు మరల మరల చేయుము. జమయు ఖర్చును సరిపోలు వరకు చిట్టా మూయని గుమాస్తా పని యిదియే కాదా! ఒక గడి ఖర్చు పొరుగు గడి జమ కావలెను. నడుమ చిల్లిగవ్వ పోరాదు, పుట్టరాదు.

ఇప్పుడు మన గదికే ఒక ముతక లెక్క వేయుదము. పొడవు 6 మీటర్లు, వెడల్పు 5, ఎత్తు 3 అనుకొనిన గాలి 90 ఘనపు మీటర్లు. వేసవి మిట్టమధ్యాహ్నమున చదరపు మీటరు కప్పుపై పడు ఎండ సుమారు 900 వాట్లు. 30 చదరపు మీటర్లపై 27,000 వాట్లు. అందు పదవవంతే లోనికి దిగినదనుకొనిన 2,700. కూర్చున్న మనిషి యొక్కడు సుమారు 100 వాట్ల వేడిమి నిచ్చును; ఇరువదిమందికి 2,000. మొత్తము జమ 4,700 వాట్లు. ఘనపు మీటరు గాలి ఒక్క డిగ్రీ వేడెక్కుటకు సుమారు 1,150 జౌళ్లు పట్టును. గది వెలుపలికంటె 3 డిగ్రీలకు మించి వేడెక్కకుండవలెనన్న సెకనుకు సుమారు 1.36 ఘనపు మీటర్ల గాలి వచ్చిపోవలెను. అనగా నిమిషమునకు కొంచెమెక్కువలో గదిలోని గాలియంతయు మారవలెను. సెకనుకు అరమీటరు వేగముతో గాలి వచ్చునెడల రాకకు 2.7 చదరపు మీటర్ల త్రోవయు, పోకకు అంతియే త్రోవయు కావలెను. కప్పుపై తెల్లసున్నము వేసి కప్పునుండి దిగు వేడిమిని సగము చేసినచో 1.94 చదరపు మీటర్లు చాలును.

ఇది గది మొత్తమునకు సరాసరి మాత్రమే. సరాసరితో మూలనున్న పిల్లవానికి చెమట ఆరదు. కిటికీ నుండి వచ్చిన గాలి బల్లల మీదుగా పోవునా, సూటిగా ఎదుటి కిటికీలో దూరి పోవునా, కప్పు క్రింద వేడిగాలి కదలక నిలిచియుండునా యన్నది గడులుగా విభజించిననే తేలును. పది సెంటీమీటర్ల గడులైన మన గదికి 90,000 కావలెను. గడి భుజమును సగము చేసిన అవి ఎనిమిది రెట్లై 7,20,000 అగును. ఒక్కొక్క గడికి మూడు దిక్కుల వేగము, పీడనము, ఉష్ణోగ్రత యని అయిదు పద్దులు. ఇంతటి లెక్కను నేడు బల్లమీది కంప్యూటరు చేయగలదు. ఓపెన్‌ఫోమ్ అను గణనసామగ్రి 2004 నుండి అందరికిని ఉచితముగా లభించుచున్నది. గ్రంథాలయోద్యమము పుస్తకమునకు చేసిన మేలు వంటిదే ఇదియును.

పెద్ద పనులన్నిటను ఇదే లెక్క. వీధి చివరి ట్రాన్స్‌ఫార్మరు ప్రక్కల గొట్టములను చూడుడు: లోపల కాగిన నూనె పైకెక్కి, గొట్టములలో చల్లారి క్రిందికి దిగుచుండును. కంప్యూటరులోని చిన్న బిళ్లపై లోహపు రెక్కలు ఎంత యెడముగా నుండవలెనో ఈ గణనమే చెప్పును. రెక్కలు దగ్గరైన వైశాల్యము పెరుగును గాని గాలి దూరదు; దూరమైన గాలి దూరును గాని వైశాల్యము చాలదు.

అయితే ఒక హెచ్చరిక. యంత్రము తప్పు పద్దులకు సయితము రంగురంగుల పటములు గీయును. 1965 నవంబరు 1న ఇంగ్లండులోని ఫెర్రీబ్రిడ్జి విద్యుత్కేంద్రమున ఎనిమిది శీతలీకరణ గోపురములలో మూడు గాలికి కూలిపోయెను. ఒంటరి గోపురమునకు వేసిన అంచనా గుంపుగా నిలిచిన గోపురములకు చాలలేదు. ముందటి వరుస సందులనుండి వచ్చిన గాలి వెనుకటివానిని కొట్టినది. మన గది ప్రక్కనున్న గోడను, చింతచెట్టును విడిచి లెక్క వేసినను ఫలితమింతియే. కావున గడులను చిన్నవి చేసి మరల చూడవలెను. మొత్తము జమాఖర్చులు సరిచూడవలెను. అన్నిటికంటె ముఖ్యముగా ఉష్ణమాపకముతో పోల్చి చూడవలెను.

సభ్యులకు నా విన్నపములు మూడు. మొదటిది, జమ తగ్గింపుడు: కప్పును తెల్లగా చేయుడు. 2023లో తెలంగాణ ప్రభుత్వము చల్లని కప్పుల విధానమును ప్రకటించినది ఇందులకే. రెండవది, త్రోవ లేర్పరుపుడు: గాలి వచ్చు దిక్కున క్రిందుగా, ఎదుటి దిక్కున కప్పునకు దగ్గరగా. కాని వెలుపల 42 డిగ్రీలున్న వేళ బయటి గాలిని పిలుచుట అప్పు తెచ్చుట వంటిది. అప్పుడు తలుపులు మూసి, రాత్రి చల్లగాలికి తెరచి గోడలను చల్లార్చుకొనవలెను. మూడవది, పునాది తీయక ముందే ఈ వేసవిలో పాత గదిలో నాలుగు చోట్ల ఉష్ణమాపకములుంచి గంటగంటకు వ్రాయింపుడు. మన యూరి ఇంజనీరింగు విద్యార్థులెవరైన ఆ యంకెలను ఆధారము చేసికొని క్రొత్త గదికి గణనము చేయుదురుగాక. ఉష్ణమాపకముల ఖర్చు ఒక కిటికీ ఖర్చునకు మించదు. కిటికీ తప్పుచోట పెట్టిన నష్టము మాత్రము ఇరువదియైదేండ్లు వెంట వచ్చును.

ఈ గ్రంథాలయపు స్వర్ణోత్సవము నాటికి, వైశాఖమాసపు మధ్యాహ్నమున కూడ పిల్లలు నిండియున్న పఠనమందిరమును చూడవలెనని నా కోరిక.