దొర ముద్ర వేసిన దోపిడీ



ఏ మాస్టారి పేరిట మనం ఇక్కడ కూర్చున్నామో, ఆయన చరిత్ర పాఠంలో రాజుల పేర్లకన్నా పద్దు పుస్తకాలకే ఎక్కువ విలువిచ్చేవారు. యుద్ధం ఎవరు గెలిచారో తరవాత చూద్దాం, కొల్లగొట్టిన సొమ్ము ఎవరి ఖాతాలో పడిందో ముందు చెప్పండ్రా అనేవారు. ఈ సాయంత్రం ఆ ప్రశ్న పట్టుకునే నడుస్తాను.

2025లో అమెరికా కాంగ్రెస్ సభ్యుడు టిమ్ బర్చెట్ ఒక బిల్లు పెట్టాడు. మాదకద్రవ్యాల ముఠాల మీదికి ఆయుధాలున్న ప్రైవేటు మనుషులను పంపే అధికారం అధ్యక్షుడికి ఇమ్మని దాని సారాంశం. ఆయన కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. 1787లో రాసుకున్న అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణంలోనే ఆ వీలుంది. 2001 సెప్టెంబరు దాడుల తరవాత రాన్ పాల్ అనే సభ్యుడు ఇలాంటి బిల్లే పెట్టాడు. మన టీకొట్ల దగ్గరా ఇదే మాట ఇంకో రూపంలో వినబడుతోంది: సైబరు దొంగలను పోలీసులు పట్టుకోలేకపోతున్నారు, చేతనైన కుర్రాళ్లకు పర్మిషనిచ్చి, వసూలైన దాంట్లో వాటా ఇస్తే పోలేదా అని. పోదు. ఎందుకు పోదో చెప్పడానికి మన నరసాపురం దాకా వెళితే చాలు.

ముందు పద్ధతి చెప్పుకుందాం. యూరపు రాజులకు పెద్ద నౌకాదళాలు లేని కాలంలో, సొంత ఓడ ఉన్న వర్తకుడికి ఒక పరవానా ఇచ్చేవారు. ఇంగ్లిషులో లెటర్ ఆఫ్ మార్క్. శత్రువు ఓడ దొరికితే పట్టుకో, వాటా తీసుకో. పట్టుకున్నవాణ్ణి ప్రైవేటీరు అన్నారు. పరవానా లేకుండా అదే పని చేస్తే పైరేటు, ఉరికంబం. రెంటికీ తేడా ఒక్క కాగితమే అని చాలామంది రాస్తారు. నేను ఒప్పుకోను. పద్ధతి బాగా నడిచిన చోట కాగితం వెనక మరో రెండు కట్టుబాట్లుండేవి. కెప్టెన్ ముందుగా పూచీకత్తు కట్టాలి. ఇంగ్లండులో 18వ శతాబ్దంలో 150 మందికి లోపు సిబ్బంది ఉన్న ఓడకు 1,500 పౌన్లు, అంతకుమించితే 3,000. పట్టుకున్న ఓడను రేవుకు తెచ్చి ప్రైజు కోర్టు ముందు పెట్టాలి. ఓడ పోగొట్టుకున్నవాడు అక్కడికొచ్చి, ఇది శత్రువు సరుకు కాదు మొర్రో అని వాదించుకోవచ్చు. జడ్జి తీర్పిచ్చేదాకా మూటలు విప్పడానికి వీల్లేదు. ఈ వ్యవహారానికి ప్రాణం ఆ కోర్టు.

ఇక నరసాపురం. వశిష్ఠ గోదావరి ఒడ్డున ఓడలు కట్టేవాళ్లూ బాగుచేసేవాళ్లూ ఉన్న రేవు. పక్కనే మాధవాయపాలెం. ఇంగ్లిషువాళ్ల నోట మదపొల్లం. అక్కడ వాళ్ల ఫ్యాక్టరీ, అంటే గిడ్డంగీ కొఠీ కలిసిన చోటు, ఉండేది. మన నేతగాళ్ల గుడ్డ ఆ ఊరి పేరుతోనే లండనుదాకా అమ్ముడుపోయింది. గోలకొండలో తానీషా పాలన, అక్కన్న మాదన్నల పెత్తనం నడుస్తున్న రోజులు. బంగాళాఖాతం అవతలి ఒడ్డున సయాం, అంటే నేటి థాయ్‌లాండు, రాజ్యపు రేవు మెర్గుయి. నేటి మయన్మార్‌లో మేయిక్ అంటున్న ఊరు. అక్కణ్ణించి మచిలీపట్నానికి ఏనుగులను కూడా ఓడల్లో తెచ్చి అమ్మేవారు.

అలాంటి ఏనుగుల ఓడ నడిపిన ఇంగ్లిషువాడే శామ్యూల్ వైట్. సయాం రాజు నారాయి దగ్గర మంత్రిగా ఉన్న ఫాల్కన్ అనే గ్రీకువాడి ప్రాపకంతో 1683లో మెర్గుయి షాబందరు, అంటే రేవు అధికారి అయ్యాడు. మచిలీపట్నంలో సయాం వర్తకానికి అన్యాయం జరిగిందన్న ఫిర్యాదుతో ఆ రాజ్యానికి గోలకొండతో తగువొచ్చింది. వైట్‌కు అంతకన్నా ఏం కావాలి? సయాం రాజు పేరిట యుద్ధనౌకలు సిద్ధం చేసి, ఇంగ్లిషు కెప్టెన్లకు పరవానాలిచ్చి మన తీరం మీదికి తోలాడు. 1685-86 ప్రాంతంలో కోట్స్ అనే కెప్టెన్ మాధవాయపాలెం దగ్గర ఓడలను పట్టుకుపోయాడు. వాటిలో ఒకటి ‘న్యూ జెరూసలేం’. అది గోలకొండదేమీ కాదు. మద్రాసులో ఉంటూ ఈస్టిండియా కంపెనీ నీడలో వర్తకం చేసుకునే ఒక అర్మేనియన్ వ్యాపారిది. రాజుకూ రాజుకూ తగువైతే మూట పోయింది దారిన పోయే వర్తకుడిది.

మాస్టారి ప్రశ్న ఇక్కడ వేద్దాం. సొమ్ము ఎవరి ఖాతాలో పడింది? చాలా మటుకు వైట్ ఖాతాలో. ఇంగ్లండుకు దండిగా పంపుకున్నాడు. పరవానా ఇచ్చింది అతను, పట్టుకొచ్చిన సరుకు లెక్క చూసింది అతను, న్యాయమో అన్యాయమో తేల్చిందీ అతనే. అతని దగ్గర కార్యదర్శిగా పనిచేసిన డావెన్‌పోర్ట్ అదంతా రాసిపెట్టాడు కాబట్టి మనకు తెలిసింది. (గుమాస్తాను ఏడిపించిన దొర చరిత్రలో నిలవడం ఇలాగే.) 1936లో మారిస్ కాలిస్ దీన్నంతా పుస్తకంగా అల్లాడు. అందులో వైట్ మీద కాస్త ముచ్చట కూడా కనిపిస్తుంది. మాధవాయపాలెం ఒడ్డున నిలబడి చూస్తే మనకు అంత ముచ్చటగా ఉండదు.

ఆఖరికి కంపెనీ సయాం మీద 65,000 పౌన్ల నష్టపరిహారం కోరుతూ 1687లో వెల్ట్‌డెన్ అనే కెప్టెన్‌ను మెర్గుయి పంపింది. జులైలో ఊరివాళ్లు, సయాం అధికారులు తిరగబడి ఇంగ్లిషువాళ్లను ఊచకోత కోశారు. అరవైమంది దాకా పోయారు. వైట్ మాత్రం ఓడెక్కి తప్పించుకున్నాడు. ఇంగ్లండు చేరి, నష్టపోయింది తానేనని కంపెనీ మీదే ఫిర్యాదు పెట్టి, 1689లో చనిపోయాడు. ఈలోగా, 1687 సెప్టెంబరులోనే, గోలకొండ ఔరంగజేబు వశమైంది. ఫిర్యాదు చెప్పుకోవడానికి నరసాపురం వర్తకుడికి ప్రభుత్వమే మారిపోయింది.

అది రాజ్యాల మధ్య తగువు, నేరస్తుల మీదికి లైసెన్సిస్తే వేరుగా ఉంటుందంటారా? అదీ చేసి చూశారు. 1696లో విలియం కిడ్‌ను పంపింది ప్రధానంగా సముద్రపు దొంగలను పట్టడానికి; శత్రువులైన ఫ్రెంచివాళ్ల ఓడలను పట్టే పరవానా కూడా ఇచ్చారు. ఇంగ్లండు మంత్రులే తెరవెనక పెట్టుబడి పెట్టారు. జీతం లేదు, దొరికిన సొమ్ములోనే వాటా. ఎంతకీ దొంగలు దొరకలేదు. నావికులకు తిండి పెట్టాలి. 1698 జనవరిలో మలబారు తీరం దగ్గర అర్మేనియన్ల సరుకుతో వెళుతున్న ‘కుయేదా మర్చంట్’ను పట్టుకున్నాడు. దాని దగ్గర ఫ్రెంచి పాసు ఉంది కాబట్టి శత్రువు ఓడేనన్నాడు. 1701 మేలో లండనులో అతన్ని ఉరితీశారు. విచారణలో కనబడని ఆ పాసు 20వ శతాబ్దం మొదట్లో ప్రభుత్వ దఫ్తరంలోనే బయటపడింది. పెట్టుబడి పెట్టిన దొరల్లో ఒక్కరూ ఉరికంబం దగ్గరికి రాలేదు.

1856లో పారిస్ ప్రకటనతో యూరపు రాజ్యాలు ఈ పద్ధతికి స్వస్తి చెప్పాయి. అమెరికా సంతకం పెట్టలేదు. అందుకే ఆ తేనెతుట్టెను ఇప్పటికీ అక్కడే కదుపుతున్నారు.

పద్ధతి పోయినా బుద్ధి పోలేదు. దానికి మళ్లీ మయన్మార్‌కే వెళ్లాలి. 2010లో అక్కడి సైన్యం, థాయ్‌లాండు సరిహద్దులోని ఒక కరెన్ సాయుధ వర్గాన్ని ‘సరిహద్దు రక్షక దళం’గా మార్చింది. ఆయుధాలు మీవే, ప్రాంతం మీదే, ముద్ర మాది అన్నట్టు. ఆ దళం నీడలోనే ష్వే కోక్కో లాంటి చోట్ల సైబరు మోసాల నగరాలు లేచాయి. పేరు మార్చుకుని కరెన్ జాతీయ సైన్యం అయిన ఆ దళంపైనా, దాని నాయకుడు సా చిట్ తూ పైనా 2025 మేలో అమెరికా ఖజానా శాఖ ఆంక్షలు పెట్టింది. అదే ఏడాది మార్చిలో ఆ నరకం నుంచి బయటపడ్డ 549 మంది భారతీయులను మన వాయుసేన విమానాల్లో తీసుకొచ్చారు. వాళ్లలో తెలుగు పిల్లలున్నారు. మూడు శతాబ్దాల కిందట మెర్గుయి నుంచి పరవానా పట్టుకుని మన ఓడల మీదికొచ్చారు. ఇవాళ అదే దేశం నుంచి మన ఫోన్ల మీదికొస్తున్నారు.

మనవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? 2005లో ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడలో నక్సలైట్ల మీదికి సల్వాజుడుం అనే సాయుధ దండు మొదలైతే, ఇళ్లు వదిలిన ఆదివాసీలు ఖమ్మం జిల్లా అడవుల్లోకొచ్చి పడ్డారు. ఆదివాసీ కుర్రాళ్లకు ప్రత్యేక పోలీసు అధికారులని పేరుపెట్టి తుపాకులిచ్చిన పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు కొట్టేసింది. తీర్పిచ్చిన ఇద్దరిలో ఒకరు మన తెలుగువారు, జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి. భువనగిరి నయీం సంగతి మీకందరికీ తెలిసిందే. మాజీ నక్సలైటును నక్సలైట్ల మీదికి వాడుకున్నారన్న ఆరోపణలు ఏళ్ల తరబడి వచ్చాయి. 2016 ఆగస్టు 8న షాద్‌నగర్‌లో ఎన్‌కౌంటరైన నాటికి అతని పేరు భూదందాలకూ బెదిరింపు వసూళ్లకూ మారుపేరు. దొంగ చేతికి తాళం ఇస్తే ఇల్లు భద్రమవుతుందా?

కొల్లేరు మిత్రులకు ఇదంతా వేరే చెప్పనక్కర్లేదు. కాగితం మత్స్యకార సొసైటీ పేరిట ఉంటుంది, చెరువు మీద వచ్చే డబ్బు ఇంకెవరి ఇంటికో పోతుంది. బినామీ ఎవరో అసలు ఎవరో తేలకుండానే 2006లో ఐదో కాంటూరు, అంటే సరస్సు రక్షిత హద్దు, లోపలి చేపల చెరువుల గట్లు పేల్చేశారు. లీజు మీద పెట్టుబడి పెట్టినవాడు ఇంకోచోటికి పోయాడు. సరస్సు మీద బతికేవాడు అక్కడే మిగిలాడు. కాగితం ఉన్నవాడూ లాభం తినేవాడూ వేరైనప్పుడు పర్యవసానం ఇలాగే ఉంటుంది, అది సముద్రమైనా కొల్లేరైనా.

అలాగని ప్రైవేటు మనిషికి వాటా అన్న మాటే పాపమని నేననను. మన కస్టమ్స్ శాఖ దొంగసరుకు జాడ చెప్పినవాడికి, సరుకు అమ్మగా వచ్చిన దాంట్లో 20 శాతం దాకా బహుమానం ఇస్తుంది. అందులో తప్పులేదు. జాడ చెప్పేది పౌరుడు, పట్టుకునేది ఉద్యోగి. అన్యాయం జరిగిందనుకున్నవాడు అప్పీలుకు పోవచ్చు. 2022లో మన పార్లమెంటు చేసిన సముద్రపు దొంగల నిరోధక చట్టం కూడా ఓడను పట్టుకునే అధికారం నౌకాదళానికి, తీర రక్షక దళానికి, అధికారం పొందిన ప్రభుత్వ నౌకలకే ఇచ్చింది. ప్రైవేటు ఓడకు ఇవ్వలేదు. తెలిసి చేశారో తెలియక చేశారో గాని, మంచి పని చేశారు. సైబరు దొంగ కంప్యూటరులోకి ఎదురు చొరబడే లైసెన్సు అడిగేవాళ్లకూ నా జవాబు అదే. దొంగ వాడే ఖాతా ఎక్కువసార్లు ఏ కూలివాడి పేరిటో అద్దెకు తీసుకున్న ఖాతా. దాన్ని ఊడ్చేస్తే ‘న్యూ జెరూసలేం’ యజమానిలా నెత్తి కొట్టుకునేది వాడే. వాడి మాట వినే కోర్టు ఎక్కడుందో చూపించకుండా లైసెన్సు అడగొద్దు.

సభలో ఉన్న తల్లిదండ్రులకు ఒక విన్నపం. థాయ్‌లాండులో డేటా ఎంట్రీ ఉద్యోగమంటూ ఏజెంటు మీ ఇంటికొస్తే, వాడికి విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడండి. లేకపోతే పిల్లల పాస్‌పోర్టు వాడి చేతికివ్వకండి. ఫోన్ మోసంలో డబ్బు పోతే సిగ్గుపడి ఊరుకోకుండా, తెల్లవారేదాకా ఆగకుండా, వెంటనే 1930కి ఫోన్ చేయండి.